ఫ్యుజిటివ్ ఉద్గారాలు: బొగ్గు, చమురు, గ్యాస్ దారిలో గాలిపాలయ్యేవి

బొగ్గు, చమురు, సహజవాయువు కాలినప్పుడు పొగగొట్టంలోంచి వచ్చేవాటి సంగతి అందరికీ తెలిసిందే. ఆ ఇంధనాలు పొయ్యిదాకా, బాయిలరుదాకా చేరకముందే గనిలో, బావి దగ్గర, శుద్ధి కేంద్రంలో, పైపులైన్లో, ట్యాంకులో, రైలు వ్యాగన్లో గాలిపాలయ్యే వాయువులు వేరే ఉన్నాయి. వీటిని ఫ్యుజిటివ్ ఉద్గారాలంటారు. వాతావరణ ఒడంబడిక కింద దేశాలు ఐక్యరాజ్యసమితికి సమర్పించే లెక్కలకు వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2006లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంధన రంగాన్ని ప్రధానంగా రెండు పద్దులు చేశాయి. ఇంధనం కాల్చడం వల్ల వచ్చేవి 1ఎ, ఫ్యుజిటివ్ ఉద్గారాలు 1బి. ఈ 1బిలో బొగ్గుది ఒక భాగం, చమురు, సహజవాయువులది మరో భాగం. తెలియకుండా కారిపోయేదే కాదు, కావాలని గాలిలోకి వదిలేదీ, వాడుకునే దారిలేక బావి దగ్గరే మంటపెట్టేదీ ఈ పద్దులోకే వస్తాయి.

ఇందులో కార్బన్ డయాక్సైడ్ కొంత ఉంది, పెట్రోలు ఆవిరి లాంటి హైడ్రోకార్బన్లూ ఉన్నాయి. అయినా అసలు కథ మీథేన్‌ది. సహజవాయువులో ప్రధాన భాగం అదే, బొగ్గు పొరల్లో ఇరుక్కుని ఉండే గ్యాసూ అదే. ప్రపంచంలో శిలాజ ఇంధనాల తవ్వకం, రవాణాల నుంచి ఏటా సుమారు 12 కోట్ల టన్నుల మీథేన్ గాలిలోకి పోతోందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. మనుషుల పనుల వల్ల పుట్టే మీథేన్‌లో ఇది మూడో వంతు.

మీథేన్ లెక్క

గాలిలో మీథేన్ ఆయుష్షు సుమారు 12 ఏళ్లు. వందల ఏళ్లు నిలిచే కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే ఇది తొందరగానే పోతుంది. కానీ ఉన్నన్నాళ్లూ వేడిని పట్టి ఉంచడంలో కార్బన్ డయాక్సైడ్ దానికి సాటి రాదు. ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం ఒక టన్ను శిలాజ మీథేన్ 100 ఏళ్ల లెక్కలో 29.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 20 ఏళ్ల లెక్కలోనైతే 82.5 టన్నులతో సమానం. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో ప్రతి వంద కోట్ల అణువుల్లో 730 దాకా ఉన్న మీథేన్ ఇప్పుడు 1,900 దాటింది.

అదే టన్ను మీథేన్‌ను పూర్తిగా కాల్చేస్తే వచ్చేది 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. కాలితే 2.75, కాలకుండా పోతే 29.8. ఈ రెండు అంకెలూ గుర్తుంటే కింద వచ్చే చాలా సంగతులకు వేరే వివరణ అక్కర్లేదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. గనుల్లో, గొట్టాల్లో గ్యాస్ కారడం గురించి మనిషికి రెండు వందల ఏళ్లకు పైగా తెలుసు. కానీ దాన్ని ప్రాణాపాయంగానే చూశారు. చట్టాలు, పరికరాలు, ఉద్యోగుల శిక్షణ అన్నీ పేలుడు జరగకుండా చూడటం కోసం పుట్టాయి. వాతావరణం కోసం ఈ గ్యాసును టన్నుల్లో కొలవాలన్న ఆలోచన వచ్చి మూడు, నాలుగు దశాబ్దాలే అయింది. పాత ఏర్పాట్లన్నీ ఆ పనికి సరిపోకపోవడమే ఈ రంగంలో చిక్కంతా.

బొగ్గుబాయిలో గ్యాస్

కోట్ల ఏళ్ల కిందట పూడిపోయిన చెట్టూచేమా బొగ్గుగా మారేటప్పుడు మీథేన్ కూడా పుట్టింది. అది బొగ్గులోని అతి సన్నని రంధ్రాల గోడలకు అంటుకుని, పైనున్న నేల ఒత్తిడికి కదలకుండా ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ, బొగ్గు నాణ్యత పెరిగేకొద్దీ గ్యాస్ ఎక్కువ. తవ్వగానే ఒత్తిడి పోతుంది, గ్యాస్ బయటికొస్తుంది. తవ్విన పొరలోంచే కాదు, దాని పైనా కిందా ఉన్న పొరల్లోంచి, బొగ్గు తీసేశాక కప్పు కూలిన గోఫ్‌లోంచి కూడా వస్తూనే ఉంటుంది.

గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. 1965 మే 28న అప్పటి బిహార్‌లోని ధోరీ గనిలో పేలుడుకు 268 మంది బలయ్యారు. అందుకే భూగర్భ గనిలో షిఫ్టు పని మొదలుకాకముందే మైనింగ్ సర్దార్ తన డిస్ట్రిక్టులోని, అంటే గనిలో తనకు అప్పగించిన భాగంలోని, పనిస్థలాలన్నీ తిరిగి చూడాలి. మీథేన్ గాలికంటే తేలిక కాబట్టి కప్పు కిందే చేరుతుంది. సర్దార్ చేతిలోని సేఫ్టీ ల్యాంపును వత్తి బాగా తగ్గించి, నిటారుగా, మెల్లగా పైకెత్తి కప్పు దగ్గర పట్టి చూస్తాడు. గ్యాస్ ఉంటే చిన్న మంట మీద లేత నీలిరంగు టోపీ ఒకటి లేస్తుంది. ఆ టోపీ ఎత్తును బట్టి గ్యాస్ ఎంత శాతమో చెప్పడం సర్దార్ నేర్చుకోవలసిన విద్యల్లో ఒకటి. ఈ ల్యాంపు 1815లో హంఫ్రీ డేవీ చేసిన దీపానికి వారసురాలు. ఇప్పుడు ఆ పని ఎక్కువగా అంకెలు చూపే మీథనోమీటర్లు చేస్తున్నాయి. భారత బొగ్గు గనుల నిబంధనల ప్రకారం డిస్ట్రిక్టులోంచి తిరిగి వచ్చే (రిటర్న్) గాలిలో మీథేన్ 0.75 శాతం దాటకూడదు, గనిలో మరెక్కడైనా 1.25 శాతం మించకూడదు.

దాటకుండా ఉండటానికి ఉన్న మందు గాలి. ఉపరితలం మీద ఫ్యాన్‌హౌస్‌లోని మెయిన్ ఫ్యాన్ రాత్రీపగలూ గనిలోంచి గాలిని లాగుతూ ఉంటుంది. ఒక దారిన తాజా గాలి దిగి, పనిస్థలాలన్నీ చుట్టి, గ్యాసును కలుపుకుని మరో దారిన పైకి వస్తుంది. ఫ్యాన్ నోటి దగ్గర ఆ గాలిలో మీథేన్ సాధారణంగా ఒక శాతంలోపే. అంత పల్చటి గ్యాస్ అంటుకోదు, అమ్మడానికీ పనికిరాదు. గనికార్మికుడికి అంతకంటే కావలసింది లేదు. కానీ పల్చబడినంత మాత్రాన టన్నులు తగ్గవు. గనిని కాపాడిన ఆ ఫ్యానే దేశం మొత్తం మీద గ్యాసీ గనుల మీథేన్‌ను ఆకాశంలోకి చేర్చే ప్రధాన ద్వారం.

భారతదేశంలో భూగర్భ గనులను గ్యాస్ తీవ్రతను బట్టి మూడు డిగ్రీలుగా విభజించారు. టన్ను బొగ్గుకు ఒక ఘనపు మీటరు లోపు గ్యాస్ వచ్చేది ఒకటో డిగ్రీ, ఒకటి నుంచి పది దాకా వస్తే రెండోది, పది దాటితే మూడోది. ఈ విభజన కూడా భద్రత కోసం చేసిందే. ఉద్గారాల లెక్కకు ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల, ఇంధన పరిశోధన సంస్థ, అంటే సిమ్ఫర్, దేశీయ గనుల్లో కొలిచి వేరే గుణకాలు తయారుచేసింది. తవ్వేటప్పుడు టన్నుకు ఒకటో డిగ్రీ గనిలో 2.91, రెండో డిగ్రీలో 13.08, మూడో డిగ్రీలో 23.64 ఘనపు మీటర్లు. ఓపెన్‌కాస్ట్ (ఓసీ) గనికైతే 1.18. బొగ్గు బయటికొచ్చాక క్రషర్లో నలిగేటప్పుడు, వ్యాగన్లలో ఊళ్లు దాటేటప్పుడు కూడా కొంత గ్యాస్ పోతూనే ఉంటుంది. దానికి డిగ్రీని బట్టి 0.98 నుంచి 3.12 దాకా, ఓపెన్‌కాస్ట్ బొగ్గుకు 0.15 కలుపుతారు.

ఈ అంకెలతో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. 2024-25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి 100 కోట్ల టన్నులు దాటింది. దాదాపు అంతా ఓపెన్‌కాస్టే. టన్నుకు 1.33 ఘనపు మీటర్ల చొప్పున 133 కోట్ల ఘనపు మీటర్లు, ఘనపు మీటరు 0.67 కిలోల చొప్పున సుమారు 9 లక్షల టన్నుల మీథేన్. కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చితే 2.6 కోట్ల టన్నులు పైనే. అయితే ఇక్కడో తిరకాసుంది. నేల పైపొరల్లో తవ్వే గనికీ, వందల మీటర్లు దిగిపోయిన ఓసీకీ ఒకే గుణకం వేస్తే ఎలా? పైనున్న మట్టి, రాయి 50 మీటర్లు మించితే టన్నుకు 2.0 ఘనపు మీటర్లు వేయమని ఐపీసీసీ సూచన ఉంది. దేశం మొత్తానికీ అదే వేస్తే పై అంకె 14 లక్షల టన్నులు దాటుతుంది. అసలు సంఖ్య ఈ రెండింటి మధ్య ఎక్కడుందో ఒక్కో గనిలో కొలిస్తేనే తేలుతుంది.

సింగరేణి విషయం ఈ లెక్కలో కొంచెం ప్రత్యేకం. ఇల్లందు, కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి ప్రాంతాల్లో ఏటా 7 కోట్ల టన్నుల దాకా బొగ్గు తీస్తున్న ఈ సంస్థలో భూగర్భ గనులు గ్యాస్ తక్కువ ఉన్న ఒకటో డిగ్రీవి. ఝార్ఖండ్‌లోని ఝరియా, బెంగాల్‌లోని రాణీగంజ్ గనుల్లో లాంటి గ్యాస్ భయం గోదావరి లోయలో లేదు. పైగా అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటే మూతపడి, ఉత్పత్తిలో అత్యధిక భాగం ఓసీలకు మారింది. ఓసీల వల్ల ఊళ్లకు ఊళ్లు పోయాయనీ, ఉద్యోగాలు తగ్గాయనీ కార్మిక కుటుంబాల్లో ఉన్న బాధ వేరు. ఒక్క మీథేన్ తూకంలో మాత్రం ఓసీ టన్నుకు తక్కువే. మరోవైపు 2030 నాటికి దేశంలో భూగర్భ బొగ్గును 10 కోట్ల టన్నులకు పెంచాలని కేంద్ర బొగ్గు శాఖ లక్ష్యం పెట్టుకుంది. ఆ తవ్వకం ఝార్ఖండ్, బెంగాల్‌ల గ్యాసీ పొరల్లోకి దిగితే మీథేన్ లెక్క టన్నుకు పది, ఇరవై రెట్లు పెరుగుతుంది.

గ్యాసును ముందే లాగేసి అమ్ముకోవడం మరో దారి. బొగ్గు తవ్వకముందే బోరు వేసి తీసేది కోల్ బెడ్ మీథేన్. భారత ప్రభుత్వం 1997లో దీనికి విధానం ప్రకటించింది, 2007లో రాణీగంజ్‌లో తొలి వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. ధన్‌బాద్ దగ్గర మునీడీ గనిలో గని మీథేన్‌ను పట్టి విద్యుత్తు తయారుచేసే ప్రదర్శన ప్రాజెక్టు ఐక్యరాజ్యసమితి సాయంతో నడిచింది. ఫ్యాన్ నోటి నుంచి వచ్చే పల్చటి గ్యాసును సైతం బాగా వేడెక్కిన సిరామిక్ పలకల మధ్య నుంచి పంపి ఆక్సీకరించే యంత్రాలున్నాయి. ఆస్ట్రేలియాలోని వెస్ట్ క్లిఫ్ గనిలో 2007లో దీంతో కరెంటు కూడా తీశారు. చైనా తన గనుల్లో 30 శాతం, అంతకు మించి మీథేన్ ఉన్న గ్యాసును గాలిలోకి వదలకూడదని 2008లో నిబంధన పెట్టింది. దాని ఫలితం విచిత్రంగా ఉంది. 30 శాతానికి లోపు ఉన్న గ్యాస్ మీద ఆంక్ష లేకపోవడంతో చట్టం అందని గ్యాసే ఎక్కువగా మిగిలింది. 2024లో ఆ హద్దును 8 శాతానికి దించారు.

మూసేసిన గనులు కూడా దశాబ్దాల పాటు గ్యాస్ వదులుతాయి, నీళ్లతో పూర్తిగా నిండేదాకా. ఝరియాలో వందేళ్లకు పైగా రగులుతున్న భూగర్భ మంటలది ఇంకో బాధ. 1916 నుంచి నమోదైన ఆ మంటల్లో కాలే బొగ్గు ఎవరికీ వెలుగివ్వదు, దాని కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఈ 1బి పద్దు కిందికే వస్తుంది.

చమురు బావి, మంట గొట్టం

చమురుతో పాటు కొంత గ్యాస్ కూడా బావిలోంచి వస్తుంది. గొట్టం వేసి ఊళ్లోకి తెచ్చే ఖర్చు గిట్టుబాటు కాని చోట దాన్ని ఎత్తయిన గొట్టం చివర మండిస్తారు. కోనసీమలో రాత్రిపూట కొబ్బరితోటల పైన ఆ ఎర్రటి వెలుగు చూసినవాళ్లకు ఫ్లేర్ గురించి చెప్పనక్కర్లేదు. ప్రపంచ బ్యాంకు ఉపగ్రహ లెక్కల ప్రకారం 2024లో ఇలా మండించిన గ్యాస్ 15,100 కోట్ల ఘనపు మీటర్లు. రష్యా, ఇరాన్, ఇరాక్, అమెరికా లాంటి తొమ్మిది దేశాలదే అందులో నాలుగింట మూడొంతులు.

ఫ్లేర్ మండుతోందంటే గ్యాస్ అంతా కాలిపోతోందని అనుకుంటాం. నూటికి 98 పాళ్లు కాలుతుందని పరిశ్రమ లెక్కలు వేసుకుంటూ వచ్చింది. 2022లో అమెరికాలోని మూడు పెద్ద చమురు ప్రాంతాల మీద విమానంలో తిరిగి కొలిచిన పరిశోధకులకు తేలింది 91 మాత్రమే. కారణాలు సాదావి. కొన్ని ఫ్లేర్లు గాలికి సరిగా మండటం లేదు, కొన్ని ఆరిపోయి ఉన్నా గ్యాస్ మాత్రం పోతూనే ఉంది. ఏడు పాళ్ల తేడాయే కదా అనిపిస్తుంది. వంద టన్నుల మీథేన్ తీసుకోండి. 91 టన్నులు కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ 250 టన్నులు. కాలకుండా పోయిన 9 టన్నుల బరువు 100 ఏళ్ల లెక్కలో 268 టన్నులు. కాలినదాని కంటే కాలని కాస్తే ఎక్కువ హాని చేస్తోందన్నమాట.

ఫ్లేర్ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని మీద విమర్శలు ఎక్కువ. అసలు కంటికి కనిపించనివి వేరే ఉన్నాయి. చమురు నిలవచేసే ట్యాంకు మూతల సందుల్లోంచి ఆవిరి పోతుంది. కరెంటు లేని బావుల దగ్గర వాల్వులు తెరిచి మూసే చిన్న పరికరాలను గ్యాస్ ఒత్తిడితోనే నడుపుతారు. అవి కదిలినప్పుడల్లా కొంచెం గ్యాస్ బయటికి వదులుతాయి. ఒక్కోటి వదిలేది తక్కువే, కానీ అలాంటివి లక్షల్లో ఉన్నాయి. వాటి స్థానంలో గాలి ఒత్తిడితోనో, విద్యుత్తుతోనో నడిచేవి పెట్టడం ఈ రంగంలో అన్నింటికంటే సులువైన మరమ్మతుల్లో ఒకటి.

గ్యాస్ గొట్టం పొడవునా

బావిలోంచి వచ్చే ముడి గ్యాసులో నీరు, కండెన్సేట్ అనే తేలికపాటి చమురు, కార్బన్ డయాక్సైడ్, ఒక్కోచోట హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసి ఉంటాయి. వాటిని వేరుచేసి పైపులైన్లోకి పంపాలి. వేరుచేసిన కార్బన్ డయాక్సైడ్‌ను చాలాచోట్ల గాలిలోకే వదిలేస్తారు, అది కూడా ఫ్యుజిటివ్ పద్దులోనిదే. నార్వే 1991లో కార్బన్ పన్ను వేయడంతో స్లైప్నర్ క్షేత్రంలో లెక్క మారింది. వదిలితే పన్ను కట్టాలి కాబట్టి 1996 నుంచి ఏటా పది లక్షల టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రగర్భంలోని ఇసుకరాతి పొరల్లోకి తిరిగి పంపుతున్నారు.

పైపులైన్లో గ్యాస్ ముందుకు కదలాలంటే దారిపొడవునా కంప్రెసర్లు ఉండాలి. కాకినాడ దగ్గర గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్‌కు కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాసును తీసుకెళ్లే తూర్పు-పడమర పైపులైను పొడవు దాదాపు 1,400 కిలోమీటర్లు. ఇలాంటి గొట్టాల్లో కంప్రెసర్ షాఫ్టుల సీళ్ల దగ్గర, ఫ్లాంజీల దగ్గర, వాల్వు కాండాల దగ్గర కారుతుంది. మరమ్మతు చేయాలంటే రెండు వాల్వుల మధ్య గ్యాసునంతా బయటికి వదిలి ఖాళీ చేయడం పాత పద్ధతి. చిన్న కంప్రెసరుతో దాన్ని పక్క గొట్టంలోకి తోడేయవచ్చు, కానీ అందుకు కొన్ని గంటలు ఎక్కువ పడుతుంది.

లీకు వెతకడానికి వాల్వు మీద సబ్బునీళ్లు పోసి బుడగలు వస్తాయా అని చూడటం ఇప్పటికీ వాడుకలో ఉన్న ఉపాయం, ఖర్చులేనిది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో అయితే కంటికి కనిపించని గ్యాస్ నల్లటి పొగలా లేస్తూ కనిపిస్తుంది. మీథేన్‌కు సొంత వాసన లేదు. ఇళ్లకు వచ్చే గ్యాసుకు ఉండే దుర్వాసన లీకు తెలియడం కోసం కలిపే మెర్కాప్టన్‌ది. దూరప్రాంతాలకు పోయే పెద్ద పైపులైన్లలో చాలాచోట్ల ఆ వాసన కూడా ఉండదు.

అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని నగరం అనే ఊళ్లో 2014 జూన్ 27 తెల్లవారుజామున జరిగింది అలాంటి గొట్టం వల్లే. తాటిపాక నుంచి అప్పటి కృష్ణా జిల్లాలోని కొండపల్లి వైపు పోయే 18 అంగుళాల పైపులైను పగిలింది. గ్యాస్ ఊరి మీద పరుచుకుని అంటుకుంది, 20 మందికి పైగా చనిపోయారు. తేమ, కండెన్సేట్ కలిసిన గ్యాస్ వల్ల గొట్టం లోపలివైపు తుప్పు పట్టిందని ఆ తర్వాత బయటపడింది. తుప్పు ఒక్క రాత్రిలో గొట్టాన్ని తినేయదు. గోడ పల్చబడే దశలోనే గుర్తిస్తే వాతావరణానికీ మేలే, ఊరికీ మేలే. భద్రత, వాతావరణం రెండూ ఒకేచోట కలిసే సందర్భాల్లో ఇదొకటి. బొగ్గు గని ఫ్యాన్ దగ్గర ఆ రెండూ విడిపోయాయని పైన చూశాం.

మొత్తం దారిలో ఎంత పోతోంది? అమెరికాలో 2018లో వెలువడిన పెద్ద అధ్యయనం ఉత్పత్తిలో 2.3 శాతం అని తేల్చింది. ఆ దేశపు పర్యావరణ సంస్థ చెప్పిన అంచనాకు ఇది 60 శాతం ఎక్కువ. బొగ్గు బదులు గ్యాస్ కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ సగానికి దగ్గరగా తగ్గుతుంది కాబట్టి గ్యాసును శుభ్రమైన ఇంధనమంటారు. దారిలో పోయేది 3 శాతం దాటితే విద్యుత్తు విషయంలో తొలి ఏళ్లలో ఆ లాభం కరిగిపోతుందని లెక్కలున్నాయి. శుభ్రమైన ఇంధనమన్న బిరుదు బర్నరు దగ్గర కాదు, వాల్వుల దగ్గర నిలబడాలి.

బావి అదుపు తప్పితే

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావి బ్లోఅవుట్ అయి అంటుకుంది. 65 రోజుల పాటు మండి, మార్చి 15న ఆరింది. ఆ హోరు, రాత్రిని పగలు చేసిన ఆ వెలుగు ఆ తరం గోదావరి జిల్లాలవాళ్లకు బాగా గుర్తు. చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి శిబిరాలకు వెళ్లారు. పాతికేళ్ల తర్వాత అస్సాంలోని బాగ్‌జాన్‌లో 2020 మే 27న ఆయిల్ ఇండియా బావి అదుపు తప్పింది. జూన్ 9న అంటుకుంది, నవంబరు 15 దాకా ఆరలేదు. డిబ్రూ-సైఖోవా జాతీయ పార్కు, మాగురీ చిత్తడి నేల పక్కనే ఉన్నాయి. ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు.

మనిషి కంటికి మంట భయంకరం. వాతావరణం వైపు నుంచి చూస్తే బాగ్‌జాన్‌లో మంట లేకుండా గ్యాస్ ఎగజిమ్మిన ఆ తొలి రెండు వారాలే, టన్నుకు టన్ను లెక్కలో, ఎక్కువ హానికరం. మంట లేని ప్రమాదానికి అందరూ చెప్పే ఉదాహరణ కాలిఫోర్నియాలోని అలీసో కెనియన్. లాస్ ఏంజెలెస్ శివారులో పాత చమురు క్షేత్రాన్ని గ్యాస్ నిలవకు వాడుతున్నారు. 1953లో తవ్విన ఎస్‌ఎస్-25 అనే బావి గొట్టం 2015 అక్టోబరు 23న భూమిలోపల పగిలినట్టు బయటపడింది. అందులో ఉండాల్సిన భద్రతా వాల్వును 1979లోనే తీసేశారు. ఫిబ్రవరిలో మూతపడేలోగా సుమారు 97 వేల టన్నుల మీథేన్ పోయింది. 20 ఏళ్ల లెక్కలో ఇది 80 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్. పక్కనే ఉన్న పోర్టర్ రాంచ్ నుంచి వేల కుటుంబాలు తాత్కాలికంగా ఇళ్లు మారాయి.

ఇంతకంటే పెద్దవీ జరిగాయి. 2023లో కజకిస్థాన్‌లోని కరాతురున్ క్షేత్రంలో ఒక బావి ఆరు నెలలకు పైగా అదుపులోకి రాలేదు, పోయిన మీథేన్ లక్ష టన్నులు దాటింది. 2022 సెప్టెంబరు 26న బాల్టిక్ సముద్రంలో నార్డ్ స్ట్రీమ్ పైపులైన్లు పేల్చేసినప్పుడు పోయింది సుమారు 4.65 లక్షల టన్నులని 2025లో వెలువడిన అధ్యయనం లెక్కకట్టింది. ఒక్క ఘటనలో ఇంత మీథేన్ పోయినట్టు నమోదు కావడం ఇదే అత్యధికం. అయినా అది ఏడాదికి పోయే 12 కోట్ల టన్నుల్లో అర శాతం కూడా కాదు. పత్రికలకెక్కేది బ్లోఅవుట్లే, బరువంతా రోజువారీ లీకులదే.

కాగితం లెక్క, ఆకాశం లెక్క

దేశాలు చెప్పే అంకెలు ఎక్కువగా గుణకారం నుంచి వచ్చినవి. ఇన్ని బావులు, ఇన్ని కిలోమీటర్ల గొట్టం, ఇన్ని టన్నుల బొగ్గు, ఒక్కోదానికి ఇంత అని హెచ్చవేస్తారు. ఈ పద్ధతి కుదరాలంటే ప్రతి వాల్వూ సగటు వాల్వులా కారాలి. అలా జరగదు. గ్యాస్ లీకుల్లో పెద్దవైన ఐదు శాతమే మొత్తంలో సగానికి పైగా ఉద్గారాలకు కారణమని అధ్యయనాలు చూపించాయి. మూయడం మరిచిన ట్యాంకు మూత, ఆరిపోయిన ఫ్లేర్, ఇరుక్కున్న వాల్వు ఇవన్నీ సగటుకు అందవు.

ఈ పెద్దవాటిని పైనుంచి చూడటం శ్రీహరికోటతో ముడిపడిన కథ. 2016 జూన్ 22న పీఎస్‌ఎల్‌వీ-సీ34 మోసుకెళ్లిన 20 ఉపగ్రహాల్లో కెనడా సంస్థ జీహెచ్‌జీశాట్‌ది ఒకటి. పాతిక కిలోల ఆ ఉపగ్రహం పేరు క్లెయిర్. ఒక్కొక్క పరిశ్రమ నుంచి వచ్చే మీథేన్‌ను విడిగా గుర్తించడం దాని పని. 2019 మొదట్లో అది తుర్క్‌మెనిస్థాన్ పశ్చిమ భాగంలో ఒక బురద అగ్నిపర్వతాన్ని చూడబోయి, కొర్పెజె అనే చోట గ్యాస్ కంప్రెసర్ స్టేషన్ దగ్గర పెద్ద మీథేన్ మేఘాన్ని కనిపెట్టింది. యూరప్ ఉపగ్రహం మీది ట్రోపోమి పరికరం తీసిన పాత చిత్రాలు వెనక్కి తిరగేస్తే ఏడాది కాలంలో లక్ష టన్నులకు పైగా పోయినట్టు తేలింది. దౌత్య మార్గంలో కబురు అందాక ఆ ఏడాదే లీకు ఆగింది. అలీసో కెనియన్‌ను మించిన ప్రమాదం ఒకటి ఎవరికీ తెలియకుండా నెలల తరబడి నడిచిందన్నమాట.

2017లో పంపిన ట్రోపోమి రోజూ భూమినంతా చూస్తుంది, కానీ దాని చూపు కిలోమీటర్ల వెడల్పు ముక్కల్లో. జీహెచ్‌జీశాట్ లాంటివి పాతిక, యాభై మీటర్ల దాకా దగ్గరికి చూస్తాయి, కానీ చెప్పిన చోటే చూస్తాయి. ఒకటి ఎక్కడ వెతకాలో చెబుతుంది, మరొకటి ఏ గొట్టమో పట్టిస్తుంది. 2022 జనవరిలో రష్యాలోని రస్పాద్‌స్కాయా బొగ్గు గనిలో గంటకు 90 టన్నుల చొప్పున మీథేన్ పోతున్నట్టు పట్టుకున్నది ఈ రకం ఉపగ్రహాలే. గనుల ఫ్యాన్ నోళ్ల నుంచి వచ్చేదీ ఆకాశం నుంచి కనిపిస్తుంది. ఉపగ్రహాలకూ ఇబ్బందులున్నాయి. మబ్బు పట్టినా, కింద నీళ్లున్నా, మంచున్నా చూపు మందగిస్తుంది, చిన్న లీకులు అసలు అందవు. 2024 మార్చిలో ఎన్నో ఆశలతో పంపిన మీథేన్‌శాట్ పదిహేను నెలలకే, 2025 జూన్‌లో మూగబోయింది.

ఒప్పందాలు, చట్టాలు

2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞ మొదలైంది. 2020తో పోలిస్తే 2030 నాటికి మీథేన్‌ను 30 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. 150కి పైగా దేశాలు చేరాయి. భారత్, చైనా, రష్యా చేరలేదు. మన మీథేన్‌లో సింహభాగం పశువులది, వరి పొలాలది, అది చిన్న రైతుల బతుకుతెరువు, కోత పెడితే ముందు నష్టపోయేది వాళ్లేనన్నది భారత ప్రభుత్వ వాదన. రైతుల విషయంలో ఆ వాదనలో బలం ఉంది. కానీ బొగ్గు గనులు, పైపులైన్లు చిన్న రైతులవి కావు. వాటిని కూడా అదే గొడుగు కింద దాచడం సబబు కాదు.

యూరోపియన్ యూనియన్ 2024లో చట్టం చేసింది. కంపెనీలు లీకులు వెతికి, నిర్ణీత గడువులో బాగుచేయాలి. రోజువారీగా గ్యాస్ వదలడం, మండించడం నిషిద్ధం. 2027 నుంచి దిగుమతి చేసుకునే గ్యాసుకూ కొలతల ఆధారాలు చూపాలని అందులో ఉంది. అమెరికాలో 2022 చట్టం హద్దుమీరిన మీథేన్ మీద టన్నుకు 900 డాలర్లతో మొదలయ్యే రుసుము పెట్టింది. 2025లో దాన్ని 2034 దాకా వాయిదా వేశారు.

ఇప్పుడున్న సాంకేతికతతోనే శిలాజ ఇంధన రంగపు మీథేన్‌లో 70 శాతం దాకా తగ్గించవచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ చెబుతోంది. పట్టుకున్న గ్యాసుకు ధర వస్తుంది కాబట్టి అందులో గణనీయమైన భాగానికి నికరంగా ఖర్చు కూడా ఉండదు. ఆ మాట చమురు, గ్యాస్ రంగాలకు ఎక్కువ వర్తిస్తుంది. బొగ్గు దగ్గర అమ్ముకునేంత చిక్కటి గ్యాస్ తక్కువ కాబట్టి అక్కడ చట్టం పట్టుబట్టకపోతే కదలిక రాదు. భారత గనుల నిబంధనల్లో పనిస్థలంలో గ్యాస్ ఎంత శాతం మించకూడదో ఉంది. ఫ్యాన్ నోటి నుంచి ఏడాదికి ఎన్ని టన్నులు బయటికి పోవచ్చన్న హద్దు ఇప్పటికీ లేదు.